ఇంటి ముచ్చటలు: రెండు యంత్రములు, ఒక్క యుత్తరముల పెట్టె



మా యింట రెండు కంప్యూటర్లు గలవు. ఒకటి మావారి చదువుగదిలో, రెండవది వంటయింటి ప్రక్క వసారాలో మా యధీనమున నున్నవి. ఈమెయిలు చిరునామా మాత్రము ఇంటికంతటికి నొక్కటియే. గడచిన శ్రావణమున మా యత్తగారి కంటి శుక్లమునకు చేయవలసిన శస్త్రచికిత్సను నాలుగు దినములు ముందునకు జరిపితిమని వైద్యశాలవారు వ్రాసిన యుత్తరము మావారి యంత్రములోనికి దిగినది. వారు దానిని చూడకయే బడికి పోయిరి. మేము వసారాలో మూడు పర్యాయములు పెట్టె తెరచి చూచియు, ఏమియు గానక నిశ్చింతగా నుంటిమి. దినము తప్పినది. మరల దినము దొరకుటకు మూడు వారములు పట్టెను. అంతవరకు అత్తగారు గోడలు తడవుకొనుచు తిరిగిరి. “ఇంటికి వచ్చిన యుత్తరము ఇంటివారికే తెలియకపోవుట యేమి చోద్యమమ్మా!” యని వారన్న మాటకు మేము బదులు చెప్పజాలకపోతిమి.

విచారింపగా, చిక్కంతయు మేము పెట్టుకొనిన పాప్ అను పద్ధతిలో నున్నదని తేలినది. ఈ పద్ధతిలో కంప్యూటరు సర్వరునుండి యుత్తరములను తనలోనికి దింపుకొని, వేరుగా నాజ్ఞాపింపనిచో సాధారణముగా నచ్చట తుడిచివేయును. తపాలా కచేరినుండి యొకరు ఉత్తరము తెచ్చి తమ పెట్టెలో దాచుకొనిన, పిదప పోయినవారికేమి దొరకును? సర్వరునందు ప్రతిని నిలుపుమను నేర్పాటు గలదు. మొదట దానినే యాశ్రయించితిమి. అది అరకొర చికిత్స. వచ్చినవి రెండుచోట్లను గానవచ్చును గాని, మేము పంపినవి మా యంత్రముననే యుండిపోవును. మావారు చదివినది మాకు చదువనిదిగానే తోచును. ఒకే పెండ్లిపిలుపునకు వారు వత్తుమనియు, మేము రాజాలమనియు వ్రాసిన కథను విస్తరింపము.

సరియైన మార్గము ఐమాప్. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మార్క్ క్రిస్పిన్ అనువారు దీనిని రూపొందించిరి. ఇందు అసలు ఉత్తరము సర్వరుననే యుండును. ఇంటిలోని యంత్రములు దానికి అద్దములు. ఒకచోట చదివినది రెండవచోటను చదివినట్లే కనబడును. పంపినవియు, ఫోల్డర్లలో వేరుపరచినవియు నట్లే. మేము థండర్‌బర్డ్ అను వెలలేని సాధనమును రెంటను నిలిపి, ఖాతా చేర్చునపుడు పాప్‌కు బదులు ఐమాప్ నెన్నుకొంటిమి. పోర్టు సంఖ్య 993. పావుగంట పని.

అద్దమన్న మాటను మాత్రము మరువరాదు. ఒకచోట తుడిచిన రెండవచోటను పోవును. కావున ముఖ్యమైనవానికి వేరొక ప్రతి యుండవలయును. చిరునామాల పుస్తకము ఐమాప్ వెంట రాదు. దానిని వేరుగా చేర్చుకొనవలయును.

కష్టమంతయు పాత యుత్తరములతో వచ్చినది. అవి మావారి యంత్రమున మాత్రమే యుండెను. వానిలో మా తండ్రిగారు స్వర్గస్థులగుటకు పూర్వము మాకు వ్రాసినవి 11 గలవు. పాత ఖాతాను తొలగించి క్రొత్తది పెట్టుదమని మావారు తొందరపడగా, చేయి పట్టుకొని యాపితిమి. తొలుత ఆ యుత్తరములున్న ఫోల్డరునంతయు పెన్‌డ్రైవులోనికి ఎక్కించితిమి. పిదప పాత ఖాతానుండి ఐమాప్ ఫోల్డరునకు ఏబదేసి చొప్పున ప్రతి చేయించితిమి; తరలింపనీయలేదు. వసారాకు వచ్చి లెక్కించితిమి. పదునొకండును గలవు.

కడపటిదానిలో వారు మా పెరటిలోని కరివేప మొక్క బ్రదికెనా యని యడిగియున్నారు. మేము ప్రత్యుత్తరము వ్రాసితిమో లేదో జ్ఞప్తికి వచ్చుట లేదు. వ్రాసినచో నది, మునుపు వసారాలో నుండి చెడిపోయిన యంత్రముననే నిలిచిపోయియుండును.