మూసీ గోడలోని నోళ్లు ఎన్ని?

మూసీ రివర్ ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ అధికారులకు,



నడకదారులు ఎలా వేయాలో, తోటలు ఎక్కడ పెంచాలో మీకు చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. నా మనవి గోడల గురించి. పురానాపూల్ నుంచి చాదర్‌ఘాట్ వైపు ఒడ్డు పట్టుకుని నడుస్తూ రాతిగోడల మీద కన్నేసి ఉంచితే, అక్కడక్కడా చీకటి నోళ్లు కనిపిస్తాయి. కొన్ని పాత కమాన్లు, కొన్ని నిన్నమొన్నటి సిమెంటు పైపులు. కొన్నిటి ముందు చెట్లూ తుప్పలూ బలిసి నోరే కనబడదు. గోడ మీద జారిన నల్లటి చారను బట్టి ఇక్కడొకటి ఉందని పోల్చుకోవాలి. ఇవి మొత్తం ఎన్ని? ఏది ఏ బస్తీ కింది నుంచి వస్తోంది? ఎందులో వాననీరు, ఎందులో మురుగు? ఆ జాబితా తయారుచేసి జనం ముందు పెట్టాకే గోడల మీద చెయ్యి వేయమని అడగడానికి ఈ ఉత్తరం.

ఈ నోళ్ల దగ్గర నిలబడి పాతబస్తీవాళ్లను కదిలిస్తే గోల్కొండ సొరంగం కథ రాక మానదు. లోపలికి పోతే చార్మినార్ కింద తేలతామట. గోల్కొండ నదికి ఉత్తరాన, చార్మినార్ దక్షిణాన. సూటిగా కొలిచినా మధ్య దూరం ఎనిమిది కిలోమీటర్లు. అంటే ఆ సొరంగం మూసీ అడుగు నుంచి పోవాలి. గోల్కొండ ఒడ్డు నుంచి ఇవతలికి రావడానికి ఇబ్రహీం కుతుబ్‌షా 1578లో పురానాపూల్ కట్టించాడు. వరదలొచ్చే నది కింద గుట్టుగా అంత దారి తవ్వారంటే నాకు నమ్మకం కుదరదు. అయినా ఆ కథంటే ఇష్టమే. మురుగు కాలువలోకి తొంగిచూడాలనే కోరిక పిల్లలకు ఇంకెలా పుడుతుంది?

నిజమైన సొరంగాలు, అంటే నాలాలు, మన కాళ్ల కిందే ఉన్నాయి. వాటి మీద రోడ్లేశాం, దుకాణాలు కట్టాం, బండ్లు నిలిపాం. 2022 డిసెంబరులో గోషామహల్‌లోని చాక్నావాడిలో నాలా మీది రోడ్డు ఉన్నట్టుండి కుంగి కార్లు, ఆటోలు, కూరగాయల బండ్లు లోపల పడ్డాయి. తమ కింద నాలా ఉందన్న సంగతి చాలామందికి ఆ రోజే గుర్తొచ్చి ఉంటుంది.

నోళ్ల లెక్క ఎందుకంటారా? 1908 సెప్టెంబరు 28న మూసీ ఊరిని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అఫ్జల్‌గంజ్ చింతచెట్టు ఎక్కి బతికినవాళ్ల కథ మీకు తెలిసిందే. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది పరీవాహకంలోని చెరువులను లెక్క తీయించాడు. 788 చెరువుల్లో 221 తెగాయని తేల్చాడు. ఊళ్లో కురిసిన వాన ఒక్కటే కాదు, పైన గొలుసుకట్టుగా తెగిన చెరువులు కూడా హైదరాబాద్‌ను ముంచాయని ఆ అంకెలు చెప్పాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టడం ఆ తర్వాతి మాట. ఉపగ్రహ చిత్రాలు లేని రోజుల్లో అన్ని చెరువులు లెక్కకొచ్చాయి. డ్రోన్లున్న మీకు కొన్ని కిలోమీటర్ల గోడ పెద్ద పని కాదు.

వరద రోజున ఈ నోళ్లు ఎదురు తిరుగుతాయి. నది మట్టం నోటికంటే పైకి లేస్తే బస్తీ నీరు బయటికి రాదు సరికదా, నది నీరే లోపలికి తన్నుకుపోతుంది. 2025 సెప్టెంబరు చివర్లో మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి మూసీ చొరబడినప్పుడు నది ఎంత దూరం రాగలదో అందరం చూశాం. నోటికి నది వైపు మాత్రమే తెరుచుకునే తలుపు బిగిస్తే ఆ ఎదురుపోటు ఆగుతుంది. అయితే తలుపు మూసుకున్నంతసేపూ బస్తీలో కురిసే వాన ఎక్కడికి పోవాలో ముందే చూడాలి. ఈ రెండూ నోటి జాడ తెలిస్తేనే సాధ్యం. చూడ్డానికి బాగుంటుందని కొత్త రాతి పలకలు తాపడం చేసి నోళ్లు కప్పేస్తే, మొదటి పెద్దవానకే ఆ పలకల వెనక ఏముందో బస్తీలవాళ్లు మీకు చెబుతారు.

మురుగుకూ ఇదే లెక్క. సబర్మతి ఒడ్డున రెండువైపులా గొట్టాలు వేసి నదిలో కలిసే మురుగును దారి మళ్లించారు. మనకూ అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్లు శుద్ధి చేయగల కేంద్రం ఉంది. కానీ అక్కడిదాకా చేరిన మురుగునే అది శుభ్రం చేస్తుంది. లెక్కలోకి రాని ఒక్క నోరున్నా దాని మురుగు తిన్నగా నదిలోకే. పైన మీరు ఎన్ని పూలమొక్కలు పెట్టినా కంపు కంపే.

ఇక ఫోన్లు పట్టుకుని ఈ నోళ్లలోకి దూరే కుర్రాళ్ల సంగతి. వాళ్ల కుతూహలం నాకు అర్థమవుతుంది, తెగువే అర్థం కాదు. లోపల కుళ్లిన కోడిగుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. మోతాదు పెరిగితే అది ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన తగ్గిందని ముందుకు వెళ్లినవాడు అక్కడే కూలిపోవచ్చు. ఎగువన వాన పడితే నీరు చెప్పి రాదు. అందుకని గుర్తించిన ప్రతి నోటికీ జాలీ తలుపు, హెచ్చరిక బోర్డు పెట్టించండి.

సర్వే పేరుతో మీరూ మనుషుల్ని దించకండి. రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగు కాలువల్లోకి మనుషుల్ని దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ డబ్బు లెక్కపెట్టుకునే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. పైపుల్లో చక్రాల మీద నడిచే కెమెరాలున్నాయి, వాటిని పంపండి.

ప్రతి నోటికీ ఒక నంబరు వేసి, గోడ మీద తెలుగులో, ఉర్దూలో రాయించండి. పాత కమాన్లలో నిలబెట్టదగ్గవి ఏవో వారసత్వ కట్టడాల నిపుణులతో చూపించి, వాటి రాళ్లు పీకకుండా కాంట్రాక్టరు ఒప్పందంలోనే రాయండి. నోళ్ల పటాన్ని ఒడ్డున ఉన్న ప్రతి వార్డు ఆఫీసులో గోడకు తగిలించి, తప్పులు చెప్పడానికి బస్తీవాళ్లకు నెల రోజులు గడువివ్వండి. ఏ నోట్లో నీళ్లు ఏ వేళకు పొంగుతాయో వాళ్లకు తెలిసినంతగా ఏ కన్సల్టెంటుకూ తెలియదు. టెండర్లు ఆ తర్వాత పిలవండి.

ఇట్లు,
మూసీ ఒడ్డున నడిచే ఒక హైదరాబాదీ