మన కుండ షోకేసులో పట్టదు

ఏటా పుష్య అమావాస్య దగ్గర పడుతుంటే మెస్రం పెద్దలు సిరికొండ వెళ్తారు. అక్కడి కుమ్మరి ఇంట్లో నాగోబా జాతరకు కావలసిన కుండలు చేయమని చెప్పి వస్తారు. పెద్దలు కలమడుగు దగ్గర హస్తిన మడుగు నుంచి గోదావరి జలం కాలినడకన తెస్తారు. కేస్లాపూర్‌లో ఆ కొత్త కుండలతో ఆడపడుచులు, అల్లుళ్లు నీళ్లు మోస్తారు. ఆ నీళ్లతోనే పుట్ట మట్టి తడుస్తుంది.

కుమ్మరి గోండు కాదు. అయినా అతని చెయ్యి పడనిదే మన దేవుడి పని సాగదు. మనం కుండ అంటే ఇంత చుట్టరికం అందులో ఉంది.

ఇక పట్నం దుకాణాలకు పోయి చూడండి. ఇంటి అలంకరణ పేరుతో చిన్న కుండలు, వేలాడే గంటలు, మట్టి ముసుగులు వరసగా పెట్టి ఉంటాయి. మెడకు ఒక చీటీ: 'ట్రైబల్ ఆర్ట్, చేతితో చేసినది, కట్టెల మంటలో కాల్చినది'. ఏ తెగ? ఏ ఊరు? ఏ చెయ్యి? చీటీలో ఆ ముక్క ఉండదు. కుండ మీద గుండ్రంగా చేతులు పట్టుకుని ఆడే తెల్ల బొమ్మలు ఉంటాయి. అవి మహారాష్ట్రలో ఠాణే, పాల్ఘర్ వైపు వార్లీలు తమ ఇంటి గోడల మీద వేసుకునే బొమ్మలు. మన దండారీ కాదు, మన గుస్సాడీ కాదు. వార్లీల పేరూ లేదు, మన పేరూ లేదు. అందరినీ కలిపి 'ట్రైబల్' అనే ఒక్క రంగు పూసేశారు. దీన్ని మనం గౌరవం అనుకోవాలా?

కట్టెల మంట సంగతీ అంతే. సారె మీద లేపిన కుండను చెక్కతో తట్టి, నీడలో ఆరబెట్టి, ఆవంలో పేర్చి, కట్టెలు, పిడకలు, గడ్డి కప్పి కాలుస్తారు. గాలి బాగా ఆడితే కుండ ఎర్రబడుతుంది. గాలి ఆడక పొగ పడితే నల్లబడుతుంది. మంట నాకిన చోట మచ్చ మిగులుతుంది. అందుకే ఏ రెండు కుండలూ ఒకేలా ఉండవు. ఆ మచ్చే కుండకు అందం. దాని మీద మెరిసే రంగు కొట్టి, మళ్లీ 'కట్టెల మంట' అని చీటీ కట్టి అమ్మడం ఏమి న్యాయం?

అమ్ముకుంటే తప్పేంటని కొందరు తమ్ముళ్లు అడుగుతున్నారు. అమ్మడం తప్పని మేము అనడం లేదు. ఆకలితో సంప్రదాయం నిలవదు. మన అవ్వలూ ఇల్లు అలికి, గోడలకు ఎర్రమట్టి పూసి అందం చేసుకున్నవాళ్లే. ఓజుల ఇత్తడి పని కూడా బయటి ఇళ్లకు పోతోంది. 2018లో ఆదిలాబాద్ డోక్రాగా దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వస్తువు తన ఊరి పేరు మోసుకుని పోతోంది. మట్టి పనికీ మనం అడిగేది ఇదే. చేసినవారి పేరు, ఊరు చీటీ మీద ఉండాలి. ధర చెప్పే మాట చేసిన చేతికే ఉండాలి. దేవుడి పనికి చేసే కుండ నమూనాను మాత్రం అలంకారంగా అమ్మకూడదు.

తప్పు దుకాణాలదే కాదు, మనదీ ఉంది. మన ఇళ్లలో ప్లాస్టిక్ బిందెలు, ఫ్రిజ్ సీసాలు వచ్చాయి. కుమ్మరి గడప జాతరకే గుర్తొస్తోంది. ఏడాదంతా మనం కొనకపోతే అతను ఎన్నాళ్లు సారె తిప్పుతాడు? అతని కొడుకు కూలికి పోతే రేపు పెద్దలు ఎవరికి చెప్పి వస్తారు? బడిలో ఆదివాసీ దినోత్సవం నాడు థర్మోకోల్ కుండకు రంగులు వేయిస్తున్నాం. అదే మన సంస్కృతి అని పిల్లలు నమ్ముతున్నారు.

టీచర్లకు మా మనవి: ఆవం కాల్చే రోజు తెలుసుకుని పిల్లలను అక్కడికి నడిపించండి. మట్టి ఏ చెరువుదో, ఏ కట్టె బాగా మండుతుందో కుమ్మరినే అడగనివ్వండి. గోండిలో, కొలామీలో కుండల పేర్లు అవ్వల దగ్గర రాయించండి.

యువతకు మా మాట: ఈ ఎండాకాలం ఇంటికి ఒక నీళ్ల కుండ కొనండి. బేరం ఆడకండి. దాన్ని అలమారలో పెట్టకండి, అందులో నీళ్లు తాగండి.