‘కాసిండ్రు’కూ ‘కాస్తరు’కూ మధ్య

“తండోళ్ళు గుడుంబ కాస్తరు.”

జనగామ బస్టాండు ముందు చాయ్ బండి దగ్గర ఈ మాట అన్న పెద్దమనిషికి ఎవరి మీదా కోపం లేదు. జూన్‌లో వానలు పడతాయన్నంత మామూలుగా అన్నాడు. చేతిలో ఆనాటి పేపరు ఉంది. ఎక్సైజు వాళ్ళు ఒక తండాలో దాడి చేసి బెల్లం పానకం పారబోశారన్న చిన్న వార్త చదివాడు. వార్తలో ఫలానా ఊరు, ఫలానా రోజు, ఇంతమంది మీద కేసు అని ఉంది. అంటే ‘కాసిండ్రు’. ఆయన నోటికి వచ్చేసరికి అది ‘కాస్తరు’ అయింది.

తెలుగు క్రియకు భూత, వర్తమాన, భవిష్యత్తులు కాక మరో వేషం కూడా ఉంది. వ్యాకరణం దాన్ని తద్ధర్మం అంటుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఆవు పాలిస్తుంది, తేలు కుడుతుంది. నిన్నా నేడూ రేపూ అన్న తేడా లేకుండా స్వభావాన్ని చెప్పే క్రియ అది. తేలు గురించి మాట్లాడటానికి అది చాలు. మనుషుల గురించి వాడితే ఎవరు, ఎప్పుడు, ఎందరు అన్న మూడు ప్రశ్నలనూ ఆ ఒక్క ప్రత్యయం మింగేస్తుంది. ఒక సమూహం గురించి సాధారణంగా మాట్లాడటమే దురభిప్రాయమా అన్న పాత ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఈ రెండు క్రియల మధ్య ఎక్కడో ఉంది.

ముందు నిజం ఎంతో చూద్దాం. జనగామ, మహబూబాబాద్ జిల్లాల్లో కొన్ని తండాల్లో గుడుంబా, అంటే నాటుసారా, కాశారు. దాన్ని కాదంటే అబద్ధం ఆడినట్టే. 1995 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, రెండేళ్ళలో పోయింది. దుకాణంలో సీసా దొరకని ఆ రోజుల్లో గుడుంబాకు గిరాకీ పెరిగింది. నీళ్ళు లేని చెలక, అప్పు, ఊరికి దూరంగా ఉండే ఇళ్ళు, ఈ మూడూ కలిసినచోట బట్టీ వెలిసింది. కానీ గుడుంబాకు కావలసిన నల్లబెల్లం, పటిక తండాలో పండవు. అవి పట్నంలో బస్తాల లెక్కన అమ్ముడుపోయాయి, ఆటోల్లో, ట్రాలీల్లో తండాకు చేరాయి. తాగినవాళ్ళలో సగానికి సగం ఊళ్ళవాళ్ళే అని ఏ ఎక్సైజు కానిస్టేబుల్‌ని అడిగినా చెప్తాడు. ‘ఫలానా కులపోళ్ళు నల్లబెల్లం అమ్ముతరు’ అని నేనైతే ఏ చాయ్ బండి దగ్గరా వినలేదు. ఒకే నేరపు గొలుసులో ఒక కొసకు కులం అంటుకుంది, రెండో కొసకు దుకాణం బోర్డు మాత్రమే మిగిలింది.

2015లో తెలంగాణ ప్రభుత్వం గుడుంబా మీద గట్టిగా పడింది. బట్టీలు పగిలాయి, మానేసిన కుటుంబాలకు పునరావాసం పేరుతో సాయం అందింది. కొందరు ఆటోలు కొన్నారు, కొందరు కిరాణా పెట్టుకున్నారు. కొన్నిచోట్ల బట్టీ మళ్ళీ రాజుకుంది. చాలా తండాల విషయంలో మాత్రం ఆ వాక్యం భూతకాలంలోకి జరగవలసిన సమయం ఎప్పుడో వచ్చింది. జరగలేదు. లోకం మారినా వాక్యం మారడం లేదంటే దానికి ఆధారం ఇక లోకంలో లేనట్టే. ‘ద నేచర్ ఆఫ్ ప్రెజుడిస్’ అని 1954లో పుస్తకం రాసిన అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ గీత గీసింది సరిగ్గా ఇక్కడే. తొందరపడి ఒక అభిప్రాయానికి రావడం మనిషన్నవాడికి తప్పదు, కొత్త సంగతి తెలిశాక కూడా దాన్ని దిద్దుకోకపోతే అది దురభిప్రాయం అని ఆయన వాదన. ఇంకా వెనక్కి వెళితే, ‘స్టీరియోటైప్’ అనే మాటను 1922లో వాల్టర్ లిప్‌మన్ తెచ్చింది అచ్చాఫీసు నుంచి. ఒకసారి పోత పోసిన దిమ్మె, ఎన్ని కాగితాలు పెట్టినా అదే ముద్ర. పత్రికల్లో పనిచేసే మాకు ఈ పోలిక కొంచెం గుచ్చుకోవాలి.

తండా మీద ఆ దిమ్మె ఎవరు పోశారో చరిత్రలో ఆనవాళ్ళున్నాయి. తండాల్లో ఉండే లంబాడీలు ఒకప్పుడు దక్కన్‌కు సరుకు రవాణా సంస్థ. వేల ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి లోపలికి, లోపలి నుంచి తీరానికి నడిచారు. మొగలు సైన్యాలకూ, నిజాం సైన్యాలకూ, టిప్పు మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ దండుకూ తిండిగింజలు మోసింది వాళ్ళే. శత్రువులిద్దరికీ వాళ్ళతో పనిబడేది, అందుకే వాళ్ళ జోలికి ఎవరూ పోయేవారు కాదు. 1889 నాటికి సికింద్రాబాదు నుంచి జనగామ, మానుకోట (మహబూబాబాద్), డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా రైలు వచ్చింది. ఎద్దు పదిరోజులు మోసేది బండి పూటలో మోసింది. పని పోయింది, నడక మిగిలింది. పని లేకుండా నడిచేవాడు సర్కారు కంటికి దొంగలా కనిపించాడు.

ఆ చూపును బ్రిటిష్ ప్రభుత్వం అప్పటికే చట్టం చేసి ఉంచింది. 1871 నేరస్థ తెగల చట్టం ప్రకారం ఒక తెగను మొత్తంగా నేరస్థ తెగగా ప్రకటించవచ్చు. ఒక్కొక్కరి మీద నేరం రుజువు చేయనక్కర్లేదు, ఆ ప్రకటన తప్పని కోర్టులో వాదించే దారీ లేదు. హాజరు, ఊరు దాటాలంటే అనుమతి చీటీ. అప్పటి పాలకుల తర్కం విచిత్రంగా మనదే: వడ్రంగి కొడుకు వడ్రంగి అయినప్పుడు దొంగ కొడుకు దొంగ కాడా? కులవృత్తి అనే మన అలవాటు మాటకు వాళ్ళు పోలీసు దుస్తులు తొడిగారు. 1911లో మద్రాసు ప్రెసిడెన్సీ కూడా ఆ దారే పట్టింది, ఆ తర్వాత ఎరుకల వాళ్ళను బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో కూర్చోబెట్టింది. ఆ ఊరి పేరు ఈనాటికీ సినిమా పోస్టర్ల మీద తిరుగుతూనే ఉంది. 1911కు రెండేళ్ళ ముందే ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. మనుషుల ముక్కులు, పుర్రెలు కొలిచిన మనిషి ఆయన. ఏడు సంపుటాల నిండా తద్ధర్మార్థకాలే అంటే పెద్ద అతిశయోక్తి కాదు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అయినా 2024 అక్టోబరు 3న, సుకన్యా శాంత కేసులో, సుప్రీంకోర్టు కూర్చుని జైలు మాన్యువళ్ళలో మిగిలిపోయిన వాసనలను కొట్టివేయవలసి వచ్చింది. సంచార తెగలవాడైతే పారిపోతాడు, విముక్త జాతివాడైతే అలవాటు పడ్డ నేరస్థుడు అన్న ధోరణి నిబంధనలు కొన్ని రాష్ట్రాల్లో అప్పటిదాకా బతికే ఉన్నాయి. అప్పటికి చట్టం పోయి 72 ఏళ్ళు. చాయ్ బండి దగ్గరి మనిషిని తప్పుపట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంతమాత్రాన సమూహాల గురించి నోరే ఎత్తకూడదా? అలా అనేవాళ్ళున్నారు. వాళ్ళతో నాకు పేచీ ఉంది. ‘ప్రతి మనిషీ వేరు’ అన్నది వినడానికి బాగుంటుంది, పాలనకు పనికిరాదు. మహబూబాబాద్ జనాభాలో మూడో వంతుకు పైగా షెడ్యూల్డు తెగలవాళ్ళన్నది సాధారణీకరణే. దాని మీదే అక్కడి లోక్‌సభ స్థానం రిజర్వు అయింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తండాలు సొంత గ్రామ పంచాయతీలు అయ్యాయి. తండా మొత్తానికి ఒక అన్యాయం జరిగిందని చెప్పలేకపోతే తండా మొత్తానికి ఒక న్యాయం అడగలేం.

భూపాలపల్లి జిల్లాకు పేరిచ్చిన తెలంగాణ ఉద్యమ సిద్ధాంతకర్త ప్రొఫెసర్ జయశంకర్ జీవితం దీనికి మంచి ఉదాహరణ. తెలంగాణకు జరిగిన అన్యాయాన్ని ఆయన తరం నీళ్ళ లెక్కలతో, నిధుల లెక్కలతో, కొలువుల లెక్కలతో చెప్పింది. 1985లో వచ్చిన 610 జీవో వెనక ఉన్న అధికారుల కమిటీ అంకె 58,962. స్థానికేతరులకు పోయిన ఉద్యోగాల లెక్క అది. దాన్ని తప్పని వాదించవచ్చు, తక్కువని వాదించవచ్చు, ఫైళ్ళు తెమ్మని అడగవచ్చు. అదే ఉద్యమంలో ‘ఆంధ్రావాలే భాగో’ అన్న నినాదమూ పుట్టింది. దాన్ని ఏ ఫైలుతోనూ సవరించలేం, ఎందుకంటే అది ఎవరినీ లెక్కపెట్టలేదు. అవతలివైపు ‘తెలంగాణోళ్ళు సోమరులు’ అన్న మాట కూడా ఆ తీరుదే. ఒకే ఉద్యమం ఈ రెండు రకాల మాటల మీదా నడిచింది. మొదటి రకమే దాన్ని గమ్యం చేర్చిందని నా నమ్మకం, రెండో రకమే సభలు నింపిందని ఎవరైనా అంటే కాదనలేను.

మంచిమాటల్లోనూ ఇదే చిక్కు. భూపాలపల్లిలో ‘సింగరేణోళ్ళకు పైసలకేం కొదువ’ అంటారు. ఇంటి కిరాయి చెప్పేటప్పుడు, కూరగాయల ధర చెప్పేటప్పుడు ఆ వాక్యం పనిచేస్తుంది. 2024లో సింగరేణి బొగ్గు సంస్థ లాభాల్లో 33 శాతం పంచినప్పుడు పర్మినెంటు కార్మికుడికి సగటున 1.90 లక్షల రూపాయలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికుడికి 5 వేలు, అదీ మొట్టమొదటిసారి. ఇద్దరూ బాయి పనికే పోతారు, ఇద్దరూ నల్లగానే తిరిగొస్తారు. కూరగాయల బండి దగ్గర ఇద్దరూ సింగరేణోళ్ళే.

మా పత్రికలవాళ్ళకు ఇష్టమైన జంటపదం ఒకటుంది: అమాయక గిరిజనులు. ఎంత ప్రేమగా రాసినా అది కూడా దిమ్మె ముద్రే. జనగామ పక్కన ధర్మాపురం తండాలో భూమికోసం దొరలకు ఎదురు నిలిచి తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణమిచ్చిన జాటోతు ఠాను నాయక్‌ను అమాయకుడంటే ఆయన నవ్వేవాడేమో. అమాయకత్వం అంటగట్టినవాడికి పట్టా కాగితం చదవడం రాదనుకుంటాం. చదివి ప్రశ్న అడిగితే ‘వీడు మామూలోడు కాదు’ అంటాం.

ఇక ప్రమాదం ఎక్కడుందో చూపించే సంఘటన మహబూబాబాద్ పక్కజిల్లాలోనే జరిగింది. 2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో పోడు గొడవలో ఫారెస్టు రేంజర్ చలమల శ్రీనివాసరావు హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ఉన్న మనిషిని చంపడం ఘోరం, అందులో రెండో మాట లేదు. నిందితులు ఇద్దరు, ఎర్రబోడు గూడెంలోని గుత్తికోయ ఆదివాసులు. మరుసటి ఏడాది కోర్టు ఆ ఇద్దరికీ జీవితఖైదు వేసింది. కానీ కోర్టు తేల్చేదాకా ఎవరాగారు? హత్య జరిగిన కొద్ది రోజులకే బెండాలపాడు గ్రామ పంచాయతీ ఆ గుత్తికోయలను అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్‌కు పంపేయాలని తీర్మానం చేసింది. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టుల మీద సల్వాజుడుం నడిచిన రోజుల్లో, ఇటు తుపాకికీ అటు తుపాకికీ మధ్య నలిగి గోదావరి దాటి వచ్చినవాళ్ళు చాలామంది వాళ్ళలో. ఇద్దరు చంపారు అన్న మాట, వీళ్ళు చంపుతారు అయింది. భూపాలపల్లి, ములుగు అడవుల్లోని గుత్తికోయ గూడేలకు కూడా ఆ క్రియ మార్పు వినిపించే ఉంటుంది.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, న్యాయమైనదే. లంబాడీలు మాత్రం ఇతరుల గురించి ఇలా అనుకోరా? అనుకుంటారు. గోర్ బోలిలో తాము ‘గోర్’, మిగతా లోకమంతా ‘కోర్’. కోర్ వాడిని నమ్మకూడదన్న మాట తండా ముసలివాళ్ళ నోట వింటూనే ఉంటాం. రెండూ ఒకే జాతి తప్పే. తేడా ఏమంటే, కోర్ అన్న మాట మూలంగా ఎవరికీ ఇల్లు దొరక్కుండా పోలేదు, ఎవరూ ఠాణాలో హాజరు వేయించుకోలేదు. ఆదివాసులకూ లంబాడీలకూ మధ్య వివాదంలో కూడా ఈ మెలికే ఉంది. 1976 సవరణతో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. ఇదే మనుషులు కర్ణాటకలో ఎస్సీ, మహారాష్ట్రలో విముక్త జాతి. కొలువుల్లో, సీట్లలో తమ వాటా ఎంత పోయిందని కోయలు, గోండులు లెక్క అడగడం వాళ్ళ హక్కు. 2017 చివర్లో, మేడారం ఇంకా భూపాలపల్లి జిల్లాలో ఉన్నప్పుడు, జాతర పాలకమండలిలో లంబాడీలకు చోటివ్వడం మీద గొడవ రేగింది. అప్పుడు లెక్కలు వెనక్కిపోయి ‘వలస దొంగలు’ అన్న తిట్టు ముందుకొచ్చింది. దొంగ అన్న ఆ మాట 1871 నాటిదేనని తిట్టినవాళ్ళకు తెలియకపోవచ్చు.

నాకు తెలిసిన ఒక సారు ఉన్నాడు. మానుకోట దగ్గరి తండాలో పుట్టి, లెక్కల టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాడు. బదిలీ మీద మరో పట్నానికి వెళ్ళినప్పుడు ఇల్లు చూపించడానికి నేనూ తోడు వెళ్ళాను. ఇంటాయన అన్నీ మాట్లాడాక “మీరేంటోళ్ళు?” అని అడిగాడు. సారు దాచలేదు. ఇంటాయన ఒక్క క్షణం తగ్గి, వెంటనే నవ్వుతూ “మీరు అట్ల కనిపిస్తలేరు సార్, మీలాంటోళ్ళు వేరు” అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. ఎదురుగా నిలబడ్డ మనిషి వాక్యాన్ని సవరించాలి. ఇక్కడ వాక్యాన్ని చెక్కుచెదరకుండా ఉంచి మనిషినే దానిలోంచి బయటికి తీసేశారు.

దారిలో సారు ఏమీ అనలేదు. బండి దిగేటప్పుడు మాత్రం, పై వాటాలో ఉంటున్న బ్యాంకు ఆయన్ని వాకబు చేశానని చెప్పాడు. ఆయన ఇచ్చింది రెండు నెలల అడ్వాన్సట. సారును అడిగింది ఆరు నెలలది.