ఇల్లెందుకు రైలెందుకు రాదు?

బొగ్గుట్ట అంటే ఇల్లెందే. సింగరేణి పుట్టిల్లు ఇదే. కానీ ఈ ఊరి టేషన్‌లో ప్రయాణికుల బండి ఆగిపోయి ఏండ్లు గడిచాయి. బొగ్గుకు రైలు, మనిషికి బస్సు. ఇదెక్కడి న్యాయం?

చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుంది. 1871లో విలియం కింగ్ ఈ ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఏర్పడింది. 1888లో డోర్నకల్ నుంచి ఇక్కడిదాకా పట్టాలు పడ్డాయి. 1889లో కంపెనీ తవ్వకం మొదలైంది. వరస గమనించండి. తవ్వకానికి ముందే తరలించే దారి సిద్ధమైంది! ఆ రైలు ఎవరి కోసం వచ్చిందో వేరే చెప్పాలా?

ఈ దోపిడీని అప్పుడే పసిగట్టినవాళ్లున్నారు. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చిన లైనును వరంగల్ మీదుగా పొడిగించే చాందా రైల్వే పథకంపై 1883లో హైదరాబాదులో నిరసన లేచింది. పెట్టుబడి లండన్ దొరలది, దానికి 5 శాతం వడ్డీ పూచీ మన ఖజానాది. ఇదేమిటని అడిగినందుకు సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. లెక్క అడిగినవాడిని ఊరు దాటించడం ఈ గడ్డ మీద కొత్త కాదు.

ఆ తర్వాత దొరలు పోయారు, నిజాం పోయాడు, రైల్వే ఢిల్లీ చేతికి వెళ్లింది. ఒకప్పుడు జనం ఇల్లెందులో బండెక్కి డోర్నకల్‌లో దిగి, అటు కాజీపేటకో ఇటు బెజవాడకో పోయేవాళ్లు. ఆ బండి ఆగింది. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం పోయే లైను పడింది. ఆ దారిలో జనం ఇప్పటికీ రైలెక్కుతున్నారు. ముందు పుట్టిన ఇల్లెందు లైను మాత్రం బొగ్గుకే పరిమితమైంది.

గిట్టుబాటు కాదంటారా? నూరేండ్లకు పైగా ఈ నేల కడుపులోని బొగ్గును మోసి సంపాదించిన కిరాయి ఏ ఖాతాలో రాశారు? గనిలో దిగిన కార్మికుడి బిడ్డ చదువుకో, దవాఖానకో పట్నం పోవడానికి ఒక ప్యాసింజర్ బండి నడిపితే దివాలా తీస్తారా?

2014లో రాష్ట్రం వచ్చింది. ఇప్పుడు తప్పును సరిహద్దు అవతలికి నెట్టి చేతులు దులుపుకోలేం. సింగరేణిలో రాష్ట్రానిది 51 శాతం వాటా, కేంద్రానిది 49 శాతం. లాభం పంచుకునే ఇద్దరూ బాధ్యత కూడా పంచుకోవాలి. రైల్వే మాది కాదని ఒకరు, రాష్ట్రం అడగలేదని ఒకరు తప్పించుకోవద్దు.

కొత్త లైను వేయమని ఇల్లెందు అడగడం లేదు. పట్టాలున్నాయి. వాటి మీద డోర్నకల్ దాకా ఒక్క ప్యాసింజర్ బండి నడపమంటోంది. ఇది దయ కాదు, బాకీ. బాకీ తీరేదాకా అడుగుతూనే ఉందాం.