అరగుండు

1987 చివర్లో 'అహ నా పెళ్లంట' వచ్చింది. సంక్రాంతి నాటికి హైదరాబాద్‌లోని మా రహమత్ నగర్ గల్లీల్లో అది చూడని పిల్లవాడు లేడు. సెలవులయ్యాక మా క్లాసులో ఒకడు తిరుపతి నుంచి గుండుతో వచ్చాడు. మొదటి పీరియడ్ అయ్యేసరికి వాడికి బ్రహ్మానందం పాత్ర పేరు పడిపోయింది: అరగుండు. మూడు నెలల్లో జుట్టు వచ్చింది, పేరు మాత్రం పదో తరగతి దాకా పోలేదు. వాళ్ల నాన్న సినిమాల్లో లైట్‌మన్. ఆ సినిమాలే కొడుక్కి ఈ పేరు తెచ్చిపెట్టాయని ఆయనకు తెలుసో లేదో. వాడు కడుపునొప్పని బడి ఎగ్గొట్టిన రోజుల్లో మేం నవ్వుకున్నాం. మేం అంటే, నేనూ.

నిరుడు ఇక్కడ డాలస్‌లో మా అమ్మాయి వారం వరసగా కడుపునొప్పి అంది. డబ్బాలో పెట్టిన పులిహోర పెట్టినట్టే తిరిగొచ్చేది. బస్సులో ఇద్దరు ముక్కు మూసుకుంటున్నారట. నా నోట వచ్చిన మొదటి మాట "పట్టించుకోకమ్మా". వాళ్లమ్మ "నువ్వూ ఒకటి తగిలించు" అంది. రెండింటికీ అర్థం ఒకటే: నీ తిప్పలు నువ్వు పడు. పిల్ల ఇంకేం చెప్పలేదు.

తిరిగి కొడితే సరిపోతుందన్న ధీమా మన డాలస్‌లో బొత్తిగా పనికిరాదు. 2022 మేలో ఇక్కడి కోపెల్ మిడిల్ స్కూల్లో భోజనాల వేళ సీట్లోంచి లేవనన్న భారతీయ పిల్లవాడి మెడ మరో విద్యార్థి నొక్కిపట్టాడు. వీడియో బయటికొచ్చింది. నొక్కినవాడికి ఒకరోజు సస్పెన్షన్, నొక్కించుకున్నవాడికి మూడు రోజులు! లక్షకు పైగా జనం న్యాయం చేయమని సంతకాలు పెట్టారు.

టెక్సస్‌లో 2017 నుంచి పిల్లల మీద వేధింపులను అరికట్టే డేవిడ్స్ లా ఉంది. ఫిర్యాదు అందిన మూడో పనిదినంలోగా బాధిత పిల్లల తల్లిదండ్రులకు బడి కబురు చేయాలి. బడి బయట ఫోన్లో వేధించినా, దాని దెబ్బ చదువు మీద పడితే ఈ చట్టం కిందికే వస్తుంది. అందుకే ఫోన్లో వాపోవద్దు, ఈమెయిల్ రాయండి: ఏ రోజు, ఎక్కడ, ఏమన్నారు, ఎవరు చూశారు. అవతలి పిల్లల ఇంటి మీదకు పోయే మన బస్తీ అలవాటు మానుకోండి. హైదరాబాద్‌లో అక్కచెల్లెళ్ల పిల్లలుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు చెప్పండి, ఏ వేళైనా పలుకుతుంది.

అయితే ఈమెయిల్ కంటే ముందు పిల్లను అడగాలి. మా అమ్మాయి మొదట బడికి చెప్పొద్దంది. రెండు రోజులు ఆగాం. ఆ రెండు రోజులూ ఇంట్లో నేను ఏడిపించేవాణ్ణయ్యాను, తను "ఆపు, నాకిది నచ్చలేదు" అని గట్టిగా అని పక్కకు నడవడం నేర్చుకుంది. బస్సులో ముందు సీట్లో ఒక స్నేహితురాలి పక్కన చోటు చూసుకుంది. అదే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. తోడున్న పిల్ల జోలికి పోవడానికి ఎవరైనా కాస్త వెనకాడతారు. మూడో రోజు ఈమెయిల్ తనే నా పక్కన కూర్చుని రాయించింది. వేధింపు ఆగింది. పులిహోర మాత్రం ఇప్పటికీ వద్దంటుంది.

మరి మన తెలుగు సంఘం వేదిక సంగతి? పిల్లలు తెలుగు తప్పు పలికితే ముందు వరసలో పగలబడి నవ్వేది మనమే. నాటికల్లో నత్తివాడూ లావుపాటివాడూ లేనిదే మనకు హాస్యం పుట్టదు. వచ్చే ఉగాదికి అలాంటి పాత్రలున్న స్క్రిప్టులు తీసుకోవద్దని సాంస్కృతిక కమిటీని కోరాను. ఇంకా ఒప్పుకోలేదు. మీరూ ఒక మాట చెప్పండి.