కుందేలుకు నాలుగు కాళ్ళు



"తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అనే సామెత మీరు వినే ఉంటారు. ఎదుటివారు ఎంత చెప్పినా వినక, తన మాటే నిజమని పట్టుపట్టేవాణ్ణి చూచి పెద్దలు అలా అంటారు. ముప్ఫై ఏళ్ళకు పైగా బళ్ళో పాఠాలు చెప్పిన నేను కూడా ఒకసారి అలాంటి కుందేలునే పట్టాను. ఆ సంగతి చెప్పి, ఇంట్లో కుందేలును పెంచదలచినవారు తెలుసుకోవలసిన విషయాలు ఈ నెల చెప్పుకుందాం. మీ అమ్మనూ నాన్ననూ కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. ఎందుకో చివరకు మీకే తెలుస్తుంది.

మాది వనపర్తి జిల్లా కొత్తకోట. హైదరాబాదు నుంచి కర్నూలు పోయే పెద్దరోడ్డు మీద ఉన్న ఊరు. మూడేళ్ళ క్రిందట, చలి తగ్గుతున్న రోజుల్లో, నాలుగో తరగతి చదువుతున్న నా మనుమరాలు బడి నుంచి వస్తూనే, "తాతా, నాకొక కుందేలు గావాలె. మన చేన్ల చెవులపిల్లి ఉంటది గదా, పట్టుకొద్దాం" అన్నది.

"ఆ పని మాత్రం చేయరాదమ్మా" అన్నాను.

ఎందుకో చెబుతాను వినండి. మన చేలల్లో, గట్ల మీద, తుప్పల్లో కనిపించే బూడిదరంగు చెవులపిల్లి వేరు, ఇళ్ళలో పెంచే కుందేలు వేరు. చూడడానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా రెండూ రెండు జాతులు. వాటికి జత కట్టినా పిల్లలు పుట్టవు. చెవులపిల్లి బొరియ తవ్వదు. గడ్డిలో చిన్న పల్లం చేసుకుని అందులో పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాల అడవి కుందేళ్ళు. అవి బొరియలు తవ్వి గుంపుగా బ్రతుకుతాయి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. కళ్ళు తెరవడానికి సుమారు 10 రోజులు పడుతుంది.

చెవులపిల్లిని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చేలో దాని పిల్ల ఒంటరిగా కనిపిస్తే "అయ్యో, తల్లి లేదు" అని ఎత్తుకు రాకండి. తల్లి పగలంతా పిల్ల దగ్గర కూర్చుంటే ఆ జాడ పట్టుకుని నక్కలూ కుక్కలూ వస్తాయి. అందుకని దూరంగా ఉండి, పొద్దు గూకిన తరువాత వచ్చి పాలిచ్చి పోతుంది. ఆ పిల్ల దిక్కులేనిది కాదు, మనం ఎత్తుకు వస్తేనే దిక్కులేనిది అవుతుంది.

ఇంతవరకు నేను చెప్పిన పాఠం బాగానే ఉన్నది. ఇక నేను చేసిన తప్పు వినండి.

మనుమరాలి ముఖం చిన్నబోవడం చూడలేక, రోడ్డు పక్కన గంపలో కుందేలు పిల్లలను పెట్టుకుని అమ్ముతున్న ఒకతని దగ్గర రెండు తెల్లని పిల్లలను కొన్నాను. అరచేతిలో పట్టేటంత చిన్నవి. అతను మూడు మాటలు చెప్పాడు: "నీళ్ళు పెట్టొద్దు సారూ, జలుబు చేసి చస్తయి. క్యారెట్టు, క్యాబేజీ వేస్తే చాలు. చెవులు పట్టుకుని ఎత్తాలె." నేను తల ఊపి వచ్చాను. ఇంటికి వచ్చాక మా ఇంటావిడ, "నీళ్ళు తాగని జీవం ఏడన్న ఉంటదా?" అన్నది. "అమ్మేవాడికి తెలియదా?" అని నేను ఆమె నోరు మూయించాను. పెరట్లో రేకుల కొట్టం కింద పంజరం పెట్టించాను.

ఏప్రిల్ వచ్చింది. మా ప్రాంతంలో ఎండలు 40 డిగ్రీలు దాటిపోతాయని మీకు తెలుసు. ఒక మధ్యాహ్నం ఆ రెండింటిలో ఒకటి కాళ్ళు చాపుకుని, నోరు తెరిచి, గబగబా ఊపిరి తీస్తూ పడుకుని ఉన్నది. "నిద్రపోతోంది, కదిలించకు" అని మనుమరాలితో చెప్పి నేను లోపలికి పోయి కునుకు తీశాను. సాయంత్రానికి అది చనిపోయింది.

రెండవదాన్ని తీసుకుని పశువుల దవాఖానాకు పరుగెత్తాను. డాక్టరుగారు అంతా విని ఒకటే మాట అడిగారు: "సార్, ఆ రేకు కింద మధ్యాహ్నం పూట మీరు అరగంట కూర్చోగలరా?"

నేను జవాబు చెప్పలేదు. మనుమరాలు నా వంక చూచింది. పిల్లలూ, ఆ చూపు నేను ఇప్పటికీ మరచిపోలేదు. నాలుగు కాళ్ళ కుందేలు గురించి ఆ తరువాతనే శ్రద్ధగా నేర్చుకున్నాను. నేర్చుకున్నది మీకు చెబుతాను.

మొదటిది, ఎండ. కుందేలుకు మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. దాని ఒంటి వేడి ఎక్కువగా చెవుల్లోని రక్తనాళాల గుండానే బయటికి పోతుంది. గాలి వేడి 30 డిగ్రీలు దాటితే దానికి బాధ మొదలవుతుంది. కాబట్టి రేకుల కింద, మిద్దె మీద ఎన్నడూ ఉంచకూడదు. ఇంట్లో అన్నిటికంటె చల్లని గదిలో, గాలి ఆడేచోట ఉంచాలి. పడుకోవడానికి ఒక షాబాదు బండ వేయండి. కిటికీకి తడి గోనెసంచి కట్టండి. నోరు తెరిచి రొప్పుతుంటే వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డతో చెవులు తుడుస్తూ డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. చల్లని నీళ్ళలో మాత్రం ముంచరాదు. అసలు కుందేలుకు స్నానమే అక్కరలేదు, తన ఒళ్ళు తానే నాకి శుభ్రం చేసుకుంటుంది. తాగే నీరు మాత్రం రాత్రింబగళ్ళు ఎదురుగా ఉండవలసిందే. బోర్లపడని బరువైన మట్టిమూకుడు అయితే మంచిది.

రెండవది, తిండి. కుందేలుకు 28 పళ్ళు. అవి బ్రతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. ముందుపళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. వాటిని అరగదీసేది గడ్డి. పొట్టను నడిపించేదీ గడ్డే. కుందేలు తినేదానిలో అయిదింట నాలుగు వంతులు గడ్డే ఉండాలి. వినాయకుడికి పెట్టే గరికను కోసి నీడన ఆరబెడితే చక్కని మేత. రోజూ గుప్పెడు కొత్తిమీర, పుదీన వంటి ఆకులు ఇవ్వవచ్చు. క్యారెట్టులో తీపి ఎక్కువ, అది మీకు మిఠాయి వంటిది. వారంలో రెండుమూడుసార్లు చిన్నముక్క చాలు. బిస్కట్లు, అన్నం, రొట్టె, ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. గన్నేరు, జిల్లేడు ఆకులు విషం. లేత జొన్నపైరూ, కోసిన దుబ్బుల నుంచి లేచే పిలకలూ తిని పశువులు చనిపోవడం మన రైతులకు తెలుసు. వాటిలో సయనైడ్ విషం తయారవుతుంది. కుందేలుకూ అవి పెట్టరాదు. బూజు పట్టిన గడ్డి, మందు కొట్టిన చేల గడ్డి అసలే వద్దు. కుందేలు వాంతి చేసుకోలేదు, లోపలికి పోయిన చెడు బయటికి రాదు.

ఇంకొక వింత. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గట్టివి వదిలేస్తుంది. మెత్తనివి నేరుగా నోటితో అందుకుని తింటుంది. చూచి "ఛీ" అనకండి. మొదటిసారి అరగని గడ్డిలోని సారాన్ని అది అలా రెండవసారి రాబట్టుకుంటుంది. ఆవు నెమరువేసినట్టే అనుకోండి.

మూడవది, పట్టుకోవడం. చెవులు పట్టి ఎత్తడం పాపం. చెవి నిండా రక్తనాళాలే అని చెప్పాను కదా! ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనుక కాళ్ళ కింద పెట్టి ఒంటికి ఆనించుకోవాలి. వెనుక కాళ్ళకు ఆధారం లేకపోతే భయంతో తన్నుకుని, తన వెన్నెముకను తానే విరుచుకోగలదు. చిన్నపిల్లలు ఎత్తకుండా నేలమీద కూర్చుంటే, అదే మీ ఒళ్ళోకి వస్తుంది.

నాలుగవది, ఇల్లు. నిటారుగా నిలబడితే చెవులు తగలనంత ఎత్తు, వరుసగా మూడు గెంతులు వేసేటంత పొడవు గూటికి ఉండాలి. వట్టి ఇనుప జాలీ నేల అయితే పాదాలు పుండ్లు పడతాయి, పైన గడ్డి పరవాలి. రోజూ కొన్ని గంటలు గదిలో తిరగనివ్వాలి, అయితే కరెంటు తీగలు దానికి అందకూడదు. రాత్రి కుక్క, పిల్లి, పాము చేరకుండా తలుపు వేయాలి.

ఇప్పుడు ఎంచుకోవడం. 8 వారాలు నిండని పిల్లను తేవద్దు. తల్లిపాలు మరవకముందే తెస్తే బ్రతకడం కష్టం. గంపలోని ముద్దైన పిల్లను కాక, దాన్ని పెంచినవారి ఇంటికి పోయి చూచి తెచ్చుకోండి. కళ్ళు మెరుస్తూ, ముక్కు పొడిగా, చెవుల్లో పొక్కులు లేకుండా, వెనుక భాగం శుభ్రంగా ఉండాలి. పైపళ్ళు కిందిపళ్ళ మీదికి సరిగా రావాలి. కుందేలు ఒంటరిగా దిగులుపడుతుంది కనుక ఒకే ఈతలో పుట్టిన రెండు ఆడపిల్లలు మంచి జత. ఆడదా మగదా అన్నది డాక్టరుకే చూపించండి. ఒక మగదీ ఒక ఆడదీ ఉంటే 31 రోజులకే గూడు నిండా పిల్లలు!

జబ్బు చేస్తే కుందేలు మూలగదు. అడవిలో బలహీనత చూపిన జంతువును వేటాడేవి ముందు పట్టుకుంటాయి, అందుకే దాచుకుంటుంది. ఒక పూట మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా రేపటిదాకా ఆగకండి. ఇంట్లో ఉన్న మాత్రలు వేయకండి.

విసుగు పుడితే చేలో వదిలేద్దామని మాత్రం అనుకోవద్దు. మన దగ్గర అది కుక్కల పాలవుతుంది. కుక్కల పాలు కాకపోతే ఏమవుతుందో ఆస్ట్రేలియా దేశానికి తెలుసు. 1859లో థామస్ ఆస్టిన్ అనే పెద్దమనిషి వేట సరదాకు రెండు డజన్ల కుందేళ్ళను తన భూమిలో వదిలాడు. అవి కోట్లుగా పెరిగి పంటలనూ పచ్చికనూ తినివేశాయి. వాటిని ఆపడానికి అక్కడ పడమటి భాగంలో 1901 నుంచి 1907 దాకా మూడు కంచెలు కట్టారు. వాటి పొడవు మొత్తం 3,200 కిలోమీటర్లకు పైమాటే!

అమ్మానాన్నలకు ఒక మాట. బాగా చూచుకుంటే కుందేలు 8 నుంచి 10 ఏళ్ళు బ్రతుకుతుంది. నాలుగో తరగతిలో తెచ్చింది మీ అబ్బాయి డిగ్రీలో చేరేదాకా ఉంటుందన్నమాట. పరీక్షల రోజుల్లో, ఊరికి పోయినప్పుడు గడ్డి వేసేది మీరే. అది మీకు ఇష్టమైతేనే తెండి.

పిల్లలకు ఈ నెల ఇంటిపని ఇదీ. కుందేలును తేవడానికి ముందు నెలరోజులు, రోజూ పొద్దున్నే లేచి ఒక గంప గరిక కోసి ఆరబెట్టండి. ఒక మూకుడు కడిగి నీళ్ళు నింపండి. ఎండ బాగా కాసిన రోజు మధ్యాహ్నం 2 గంటలకు, మీరు గూడు పెట్టదలచిన చోట పుస్తకం పట్టుకుని అరగంట కూర్చోండి. నెల చివర కూడా మీకు కుందేలు కావాలనిపిస్తే, అప్పుడు నాన్నను అడగండి.

మా రెండవ కుందేలు ఇంకా ఉన్నది. మా నడిమింట్లో షాబాదు బండ మీద పడుకుంటుంది. మనుమరాలు ఇప్పుడు ఏడో తరగతి. నేను మూకుడులో నీళ్ళు పోసినా సరే, బడికి పోయేముందు తాను ఒకసారి వంగి చూచిగానీ పోదు. నేను ఏమీ అనను.