మంచి ముక్కలు పడ్డప్పుడే అసలు పరీక్ష

పేకాటలో చెత్త ముక్కలు పడితే పెద్దగా ఆలోచించేదేం ఉండదు. రమ్మీ అయితే మొదట్లోనే డ్రాప్ చెప్పి 20 పాయింట్లతో బయటపడతారు. ముక్కలు బాగున్నప్పుడే చిక్కంతా. ‘ఒక్క ముక్క పడితే చాలు, షో కొట్టేస్తా’ అని కూర్చున్నవాడే చివరికి 80 పాయింట్లు నెత్తిన వేసుకుంటాడు. పోకర్‌లోనూ అంతే. చేతిలో బలం ఉన్నప్పుడు పందెం పెంచాలా (రైజ్), ఎదుటివాడు వేసినంతే వేసి కొనసాగాలా (కాల్), ముక్కలు కింద పెట్టేయాలా (ఫోల్డ్) అన్నదే అందులో అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న.

ఉద్యోగాల పేజీలో పేకాట గొడవ ఎందుకంటారా? నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల్లో వచ్చి ఎల్బీనగర్‌లో దిగి, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట సందుల్లోని హాస్టళ్లలో ఉంటూ కోచింగ్‌కు వెళ్తున్న మీలో చాలామంది చేతిలో ఉన్నవి చెత్త ముక్కలు కావు. ఒకరు ప్రిలిమ్స్ గట్టెక్కారు. ఇంకొకరికి రెండు మార్కుల్లో పోస్టు పోయింది. మరొకరి దగ్గర చిన్న కంపెనీ ఆఫర్ లెటర్ ఉంది. అందుకే ‘ఇంకొక్క ఏడాది చూద్దాం’ అన్న మాట అంత తేలిగ్గా నోటికొస్తుంది.

ముందే ఒక మాట. ఇది చదివి ఫోన్లో పోకర్ టేబుల్ వెతక్కండి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1960ల చివర్లోనే చెప్పింది. అయినా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా వాటిని ఆపేసింది. మనకు కావాల్సింది ఆట కాదు, అందులోని లెక్క.

బలం ఎదుటివాళ్లను బట్టే

పోకర్‌లో చేతికొచ్చే మొదటి రెండు ముక్కల్లో అన్నిటికన్నా గొప్పవి రెండు ఆసులు. సగటున 221 ఆటలకు ఒకసారి పడతాయి. ఎదురుగా ఒక్కడే ఉంటే, వాడి ముక్కలు ఏవైనా సరే, అవి దాదాపు 85 శాతం గెలుస్తాయి. తొమ్మిదిమంది చివరిదాకా ఉంటే అవే ఆసుల గెలుపు 31 శాతం దగ్గరకు పడిపోతుంది. ముక్కలు మారలేదు, పోటీ మారింది.

ఇంకో పరిస్థితి చూడండి. మీ దగ్గర ఇస్పేటు ఆసు, కళావరు ఆసు ఉన్నాయి. బల్ల మీద తెరిచిన ఐదు ముక్కల్లో నాలుగు ఆఠీన్లు పడ్డాయి. ఎదుటివాడు పెద్ద పందెం వేశాడు. వాడి దగ్గర ఒక్క ఆఠీను ఉన్నా మీ జత ఓడినట్టే. ‘ఆసులు కదా, ఎలా వదలను?’ అనుకునేవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. ఆట మొదట్లో ఉన్న బలం ఇప్పుడు లేదని ఒప్పుకునేవాడు మిగుల్చుకుంటాడు.

మీ బలాన్నీ అలాగే కొలవండి. ‘నాకు పాలిటీ బాగా వచ్చు’ అన్నది సగం లెక్కే. నా కేటగిరీలో, నా జోన్‌లో ఎన్ని పోస్టులు? పోయినసారి కటాఫ్ ఎంత? మాక్ టెస్టుల్లో నా మార్కులు దానికి పైనా, కిందా? ఈ మూడింటికీ జవాబు ఉంటేనే మీ ముక్కలు మీరు చూసుకున్నట్టు.

కాల్ చేస్తే ఖర్చెంత?

బల్ల మధ్యలో 1,000 రూపాయలు ఉన్నాయి. ఎదుటివాడు 500 వేశాడు. మీరు ఇంకో 500 వేస్తే గెలిచేది 1,500. అంటే నాలుగుసార్లలో ఒకసారి గెలిచినా ఖర్చుకు ఖర్చు సరిపోతుంది. గెలిచే అవకాశం 25 శాతం కంటే ఎక్కువైతే కాల్, తక్కువైతే ఫోల్డ్. మంచి ఆటగాళ్లు ప్రతి పందేనికీ ఈ లెక్క వేస్తారు.

మరి ‘ఇంకొక్క ఏడాది’ ధర ఎంత? హాస్టల్, తిండి, పుస్తకాలకు నెలకు 8,000 అనుకుందాం. ఏడాదికి 96,000. చాలామంది లెక్క ఇక్కడే ఆగిపోతుంది. వద్దనుకున్న ఆఫర్‌లో జీతం నెలకు 20,000 అయితే, అది ఇంకో 2,40,000. మొత్తం 3,36,000. అందులోంచి ఉద్యోగంలో చేరినా తప్పని తిండి, గది ఖర్చు తీసేసుకోండి, సరే. అయినా మిగిలే అంకె 96,000 కంటే చాలా పెద్దది. ఆ ధరకు ఈ అవకాశం కొంటారా? కొంటాను అంటే తప్పేం లేదు. ధర చూడకుండా కొనడమే తప్పు.

రైజ్ చేయాల్సింది ఎప్పుడు?

బలం మీదేనని తెలిసినప్పుడు సగం మనసుతో ఆడటమూ నష్టమే. 2024 డీఎస్సీనే తీసుకోండి. ఫిబ్రవరి నెలాఖరులో 11,062 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. జులై 18 నుంచి ఆగస్టు 5 దాకా పరీక్షలు. అక్టోబరు 9న నియామక పత్రాలు. టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ. టెట్‌లో మంచి మార్కులున్నవాళ్లకు పోస్టులెన్నో తెలుసు, తమ బలమెంతో తెలుసు. అలాంటప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి ఆ కొన్ని నెలలు పూర్తిగా దిగిపోవడమే రైజ్. అప్పుడు కూడా నాలుగు పరీక్షలకు నాలుగు పుస్తకాలు ముందేసుకుని కూర్చోవడం ఉన్న బలాన్ని పంచిపెట్టుకోవడమే.

మధ్యలో పడ్డ డబ్బు మీది కాదు

ఇప్పుడు గ్రూప్-1 చూడండి. రాష్ట్రం 2014లో వస్తే, తొలి నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో, 503 పోస్టులకు. అక్టోబరులో జరిగిన ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టింది సెప్టెంబరులో హైకోర్టు తీర్పుతో రద్దయింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్. కోర్టు వివాదాల నడుమే 2025 సెప్టెంబరు చివర్లో నియామక పత్రాలు అందాయి. దాదాపు మూడున్నరేళ్లు.

మొదటి ప్రిలిమ్స్ గట్టెక్కినవాళ్ల ముక్కలు నిజంగానే బలమైనవి. వాళ్ల చదువులో లోపం లేదు. అయినా ఆట మధ్యలో ఆగిపోయింది. రెండు ఆసులు కూడా రెండు రాజుల జత మీద దాదాపు ఐదింటిలో ఒకసారి ఓడిపోతాయి. ఓడినంత మాత్రాన ఆడిన తీరు తప్పనీ కాదు, గెలిచినంత మాత్రాన ఒప్పనీ కాదు.

అయితే పోకర్ ఆటగాడు వేల ఆటలు ఆడతాడు. ఒక దెబ్బ తగిలినా మిగతా నాలుగూ సర్దేస్తాయి. మీకు గ్రూప్-1 నోటిఫికేషన్లు వేలు రావు, రెండో మూడో వస్తాయి. అందుకే ఎంత మంచి ముక్కలైనా ఉన్నదంతా ఒక్క ఆటలో పెట్టకూడదు. చిన్న ఉద్యోగం, పార్ట్‌టైం ట్యూషన్లు, బ్యాంకు పరీక్ష... ఏదో ఒక దారి తెరిచి ఉంచుకున్నవాళ్లకు ఆ మూడున్నరేళ్లు మిగతావాళ్లంత భారం కాలేదు.

ఇక ‘మూడేళ్లు పెట్టాను, ఇప్పుడెలా వదలను?’ అన్న మాట. బల్ల మధ్యలోకి వెళ్లిన డబ్బు మీది కాదు. గడిచిన మూడేళ్లు తిరిగి రావు, కొనసాగినా రావు. 2024లో యూనిఫాం పోస్టులు కాని వాటికి ప్రభుత్వం గరిష్ఠ వయోపరిమితిని 44 నుంచి 46కి పెంచింది. కూర్చోవడానికి అనుమతి ఉందంటే కూర్చోవాలని కాదు. నిర్ణయం ఎప్పుడూ ముందున్న ఏడాది గురించే.

ఈ పోలిక ఒకచోట చెల్లదు. ముక్కలు చదివితే మారవు, మీరు చదివితే మారతారు. ఆర్నెల్ల కిందటి మాక్ మార్కులకూ ఇప్పటికీ తేడా కనిపిస్తుంటే ఇంకో పందెం వేయడానికి అదే గట్టి కారణం. మార్కులు అక్కడే ఆగిపోయి ఉంటే ‘ఈసారి తప్పకుండా’ అన్నది ఆశే తప్ప లెక్క కాదు. ఇంకోటి, ఇక్కడ ఫోల్డ్ చేస్తే ఓడిపోయినట్టు కాదు. చదివిన అరిథ్‌మెటిక్, రీజనింగ్, కరెంట్ అఫైర్స్ మరో పరీక్షకు మీ వెంటే వస్తాయి.

తర్వాతి నోటిఫికేషన్ రాకముందే ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాయండి. ఈ ఏడాదికి నాకయ్యే అసలు ఖర్చు, జీతంతో సహా. నేను ఆపే తేదీ. అప్పటికి రావాల్సిన మాక్ మార్కులు. రాకపోతే చేరబోయే పని. ఆ కాగితాన్ని ఫొటో తీసి, డబ్బు పంపుతున్న అమ్మకో నాన్నకో అన్నయ్యకో పంపండి. నోటిఫికేషన్ పడ్డాక హాస్టల్లో అందరూ ఒకేసారి దరఖాస్తు చేస్తుంటారు. అప్పుడు లెక్క వేయడం ఎవరి వల్లా కాదు.